గోన గన్నారెడ్డి: రెండు ముసుగులు, కొన్ని రాళ్ళు

రుద్రమదేవి అనగానే మన బ్యాచ్‌లో ఎక్కువమందికి గుర్తొచ్చేది 2015లో వచ్చిన గుణశేఖర్ సినిమా. అనుష్క రుద్రమ, రానా చాళుక్య వీరభద్రుడు, తెలంగాణ యాసలో మాట్లాడే గజదొంగ గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్. అప్పటికి మనం ఇంకా ప్రైమరీ స్కూల్లోనే ఉన్నాం. ఆ గజదొంగ పేరుతోనే, సినిమాకి దాదాపు డెబ్భై ఏళ్ళ ముందే ఒక తెలుగు నవల ఉంది. రాసింది అడివి బాపిరాజు. దాంట్లో ప్రేమకథ ఉంది, యుద్ధాలున్నాయి, అసలీ మనిషి ఎవరు అని చివరిదాకా వెంటాడే సస్పెన్స్ కూడా ఉంది.

ఈ వ్యాసంలో మూడు పనులు చేద్దాం. ఈ నవలలో సస్పెన్స్ ఎలా నడుస్తుందో చూద్దాం. అందులో ఏది చరిత్ర, ఏది కల్పన అని శాసనాల పక్కన పెట్టి చూద్దాం. చివర్లో, నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళు దీన్ని ఎలా చదవొచ్చో చెప్తాను. కథ గురించి కొంచెం చెప్పక తప్పదు కాబట్టి స్పాయిలర్లు ఉంటాయి. ముందే చెప్పేశాను, తర్వాత తిట్టుకోవద్దు!

రచయిత, ఆయన వరుస

అడివి బాపిరాజు 1895లో భీమవరం దగ్గర పుట్టారు, 1952లో పోయారు. ఆయన ఒక్క నవలాకారుడే అనుకుంటే తక్కువ చేసినట్టే. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. పాటలు రాశారు, సినిమాలకి కళాదర్శకత్వం చేశారు. 1940లలో మన హైదరాబాదులోనే మీజాన్ అనే తెలుగు దినపత్రికకి సంపాదకుడిగా ఉన్నారు. ఆయన సాంఘిక నవల నారాయణరావు, విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు కలిసి ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతిని పంచుకున్నాయి.

చారిత్రక నవలల్లో ఆయనవి నాలుగు ముఖ్యమైనవి. హిమబిందు శాతవాహనుల కాలం. అడివి శాంతిశ్రీ ఇక్ష్వాకుల కాలం. అంశుమతి వేంగిలో చాళుక్యులు అడుగుపెట్టిన కాలం. గోన గన్నారెడ్డి కాకతీయుల కాలం. ఇవి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసిన సిరీస్ కావు. ఒకదాని పాత్రలు ఇంకోదాంట్లోకి రావు. కానీ నాలుగూ వరసగా చదివితే ధాన్యకటకం నుంచి ఓరుగల్లు దాకా పన్నెండు, పదమూడు వందల ఏళ్ళ ప్రయాణం అవుతుంది. ప్రతి నవలలోనూ ఒక రాజ్యం ప్రమాదంలో ఉంటుంది, ఒక ప్రేమ ఆ ప్రమాదం మధ్యలో చిక్కుకుంటుంది, ఎవరో ఒకరు తమ అసలు రూపం దాచుకుని తిరుగుతుంటారు. హిమబిందులో విషకన్య ఉంటుంది. గోన గన్నారెడ్డిలో గజదొంగ ఉంటాడు. ఈ వరుసలో మన ఊళ్ళకి అన్నిటికంటే దగ్గరిది గోన గన్నారెడ్డే, అందుకే దాంతో మొదలుపెడుతున్నాను.

అదే రుద్రమ మీద నోరి నరసింహశాస్త్రి కూడా రుద్రమదేవి అనే నవల రాశారు. అది నిజంగానే ఒక త్రయంలో మధ్యది: నన్నయ కాలానికి నారాయణభట్టు, తిక్కన కాలానికి రుద్రమదేవి, ఎర్రన కాలానికి మల్లారెడ్డి. నోరివారి నవలల్లో రాజుల వెనక కవులు కనిపిస్తారు. బాపిరాజు నవలలో రాణి వెనక ఒక దొంగ కనిపిస్తాడు. ఎవరి రుచి వాళ్ళది.

కథ, క్లుప్తంగా

వర్ధమానపురం గోన వంశం వాళ్ళది. గోన బుద్ధారెడ్డి చనిపోయాక ఆయన తమ్ముడు లకుమయారెడ్డి అక్కడ అధికారం చేతిలోకి తీసుకుంటాడు. బుద్ధారెడ్డి కొడుకు గన్నారెడ్డి మాత్రం కొంతమంది అనుచరులతో అడవి పట్టి గజదొంగ అయ్యాడని లోకం అనుకుంటుంది. లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డికి ఆదవోని రాకుమార్తె అన్నాంబికతో పెళ్ళి కుదురుతుంది. ఆ పెళ్ళికొడుకుని గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. అన్నాంబికకి అసలు ఆ పెళ్ళి ఇష్టమే లేదు. ఆమె ఓరుగల్లు చేరి రుద్రమకి ఆప్తురాలవుతుంది. ఓరుగల్లులో రుద్రమ, రుద్రదేవుడు అనే యువరాజుగా పెరిగి, రాజ్యం నడుపుతూ ఉంటుంది. లోపల హరిహరుడు, మురారి కుట్రలు. బయట దేవగిరి యాదవ మహాదేవుడి దండయాత్ర. వీటన్నిటి మధ్యలో ఈ గజదొంగ ఎవరి పక్షం? ఇదే నవలని నడిపే ప్రశ్న.

సస్పెన్స్ ఎలా పనిచేస్తుంది

నవలలో రెండు ముసుగులున్నాయి. ఒకటి గన్నారెడ్డిది: దొంగగా కనిపించే రాజభక్తుడు. రెండోది రుద్రమది: మగవాడిగా కనిపించే రాణి. రెండింటికీ కారణం ఒకటే, రాజ్యాన్ని కాపాడుకోవడం. కానీ అవి పనిచేసే తీరు పూర్తిగా వేరు.

గన్నారెడ్డి ముసుగు పాఠకుడి కోసం. మొదట మనకి తెలిసేది ఒక్కటే, పెళ్ళిలో పెళ్ళికొడుకు మాయమయ్యాడు. నగలూ డబ్బూ ఉన్న పెళ్ళికి వచ్చిన దొంగ మనిషిని ఎత్తుకుపోవడమేంటి అని మనకి డౌట్ వస్తుంది. ఆ డౌటే క్లూ. ఇతను ఏం దోచుకున్నాడు అని కాకుండా, ఇతను దోచుకోవడం వల్ల ఎవరికి నష్టం, ఎవరికి లాభం అని లెక్క వేస్తూ పోతే జవాబు మనమే పట్టేయొచ్చు. ప్రతిసారీ నష్టపోయేది రుద్రమ శత్రువులే.

రుద్రమ ముసుగు సంగతి వేరు. దాని వెనక ఎవరున్నారో పుస్తకం తెరవకముందే మనకి తెలుసు. కాబట్టి అక్కడ సస్పెన్స్ 'ఎవరు' అనే దాని మీద ఉండదు. 'ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది, తెలిస్తే ఏమవుతుంది' అనే దాని మీద ఉంటుంది. చాళుక్య వీరభద్రుడితో ప్రేమ నడిచేది ఈ తీగ మీదే. మగవాడిగా సింహాసనం మీద కూర్చున్నంతకాలం ఆమె ప్రేమించలేదు. ప్రేమ బయటపెడితే సింహాసనం కదులుతుంది. ఇక్కడ ప్రేమకథనీ సస్పెన్స్‌నీ విడదీయలేం. ముసుగు తీయడమే ప్రేమ, ముసుగు తీయడమే ప్రమాదం.

ఒక చిన్న ఎక్సర్‌సైజ్ చెప్తాను. నవల చదివేటప్పుడు నోట్‌బుక్‌లో ఒక టేబుల్ వేయండి. అడ్డ వరసలో పాత్రలు: రుద్రమ, గన్నారెడ్డి, అన్నాంబిక, వీరభద్రుడు, లకుమయారెడ్డి, చివర్లో 'నేను', అంటే పాఠకుడు. నిలువు వరసలో రహస్యాలు. ఎవరికి ఏ అధ్యాయంలో ఏ రహస్యం తెలిసిందో టిక్ పెట్టండి. సగం పుస్తకం అయ్యేసరికి ఒక విషయం కనిపిస్తుంది. కొన్ని గడుల్లో 'నేను' అందరికంటే ముందుంటాను, కొన్నిట్లో అందరికంటే వెనక. ముందున్నప్పుడు మనకి భయం వేస్తుంది, అయ్యో వీళ్ళకి తెలియదే అని. వెనకున్నప్పుడు కుతూహలం వేస్తుంది. బాపిరాజు ఈ రెండిటినీ మారుస్తూ మనల్ని లాక్కెళ్తారు. ఇది తెలిశాక మీరు చూసే ఏ థ్రిల్లర్ సిరీస్ కైనా ఇదే టేబుల్ వేయొచ్చు.

గోన వంశం: రాళ్ళు ఏం చెప్తున్నాయి

ఇప్పుడు చరిత్ర వైపు వద్దాం. గోన వాళ్ళు నిజంగా ఉన్నారు. వర్ధమానపురం అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్ దగ్గరి నందివడ్డెమాన్. గోన బుద్ధారెడ్డి పేరు మనం ఇంకో చోట కూడా వినుంటాం: ద్విపదలో ఉన్న రంగనాథ రామాయణం ఆయనదే. ఉత్తరకాండని ఆయన కొడుకులు కాచభూపతి, విఠలభూపతి పూర్తి చేశారు. ఆయన కూతురు కుప్పాంబిక కూడా కవయిత్రి. మహబూబ్‌నగర్ దగ్గరి భూత్పూర్, అంటే నాటి బుద్ధపురంలో, 1276 నాటి ఆమె శాసనం ఉంది. ఒకే ఇంట్లో తండ్రి కవి, కొడుకులు కవులు, కూతురు కవయిత్రి. గజదొంగ కథ లేకపోయినా ఈ కుటుంబం మీద ఒక నవల రాయొచ్చు.

మరి గన్నారెడ్డి? రాయచూరు కోటలో చాలా పెద్ద బండ మీద 1294 నాటి శాసనం ఉంది. గన్నయ రెడ్డి మంత్రి విఠలుడు ఆదవోని, తుంబళం లాంటి కోటలు గెలిచి రాయచూరు కోట కట్టించాడని అందులో ఉంది. అప్పటికి ఓరుగల్లు గద్దె మీద రుద్రమ మనవడు ప్రతాపరుద్రుడు ఉన్నాడు. అంటే శాసనంలో మనకి దొరికే గన్నయ ఒక సామంత ప్రభువు, సరిహద్దు కాపాడినవాడు. దొంగతనం, ముసుగు, పెళ్ళికొడుకు అపహరణ ఇవన్నీ నవలవి.

నాకు బాగా నచ్చిన చిన్న విషయం ఒకటుంది. శాసనంలో గోన వాళ్ళు ఆదవోనిని యుద్ధం చేసి గెలుచుకున్నారు. నవలలో ఆదవోని అమ్మాయి గోన వాళ్ళ ఇంటికి ప్రేమతో కోడలిగా వస్తుంది. అదే ఊరు, అదే వంశం. ఒక కోట పతనాన్ని నవల పెళ్ళిగా మార్చేసింది. చారిత్రక ప్రేమకథలు ఎలా పుడతాయో అడిగితే నేను ఈ ఉదాహరణే చూపిస్తాను.

రుద్రమ రహస్యం నిజంగా రహస్యమేనా?

ఈ వ్యాసం రాయాలనిపించింది ఈ ప్రశ్న వల్లే. మనలో చాలామంది చెప్పుకునే కథ ఇది: రుద్రమ ఆడది అని తెలిస్తే రాజ్యం పోయేది, అందుకే మగవాడిగా దాచి పెంచారు. నవలకీ సినిమాకీ ఇదే ప్రాణం. ఇప్పుడు ఆధారాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, గణపతిదేవుడు ఆమెకి రుద్రదేవుడు అని పేరు పెట్టి కొడుకులా పెంచాడన్నది నిజమే. విద్యానాథుడి ప్రతాపరుద్రీయంలో ఆ మాట ఉంది. చాలా శాసనాల్లో ఆమెని రుద్రదేవ మహారాజు అనే అన్నారు. కాబట్టి కథకి వేరు ఉంది.

రెండోది, 1261 నాటి మల్కాపురం శాసనం. ఇది ఇప్పటి అమరావతి ప్రాంతంలోది. విశ్వేశ్వర శివాచార్యుడికి గణపతిదేవుడు మందడం గ్రామం ఇస్తే, ఆయన కూతురు రుద్రమదేవి వెలగపూడి గ్రామం ఇచ్చింది. ఆ ఆదాయంతో మఠం, చదువులు, వైద్యశాల, ప్రసూతిశాల నడిచాయి. రాయి మీద, అందరూ చూసే చోట, ఆమె కూతురు అనే ఉంది. అదే వెలగపూడిలో ఈరోజు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది.

మూడోది శత్రువు మాట. దేవగిరి మహాదేవుడి మంత్రి హేమాద్రి తన గ్రంథంలో, ఓరుగల్లు పాలకురాలు స్త్రీ కాబట్టి మా రాజు ఆమెని చంపకుండా వదిలేశాడు అన్నట్టు రాసుకున్నాడు. మనవైపు ప్రతాపచరిత్ర మాత్రం రుద్రమే మహాదేవుణ్ణి దేవగిరి దాకా తరిమి డబ్బు కట్టించుకుందని చెప్తుంది. ఇద్దరూ గెలిచామనే అంటున్నారు! బీదరు కోటలో రుద్రమ పేరుతో శాసనం దొరకడం మాత్రం ఓరుగల్లు వైపు త్రాసుని కొంచెం మొగ్గేలా చేస్తుంది. ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టినా ఒకటి స్పష్టం. దేవగిరిలో కూర్చున్న మంత్రికి కూడా ఆమె స్త్రీ అని తెలుసు.

నాలుగోది, బయటినుంచి వచ్చిన మార్కో పోలో. మోటుపల్లి రేవు గురించి రాస్తూ ఆ రాజ్యాన్ని న్యాయంగా ఏలిన రాణిని మెచ్చుకున్నాడు. ఆమెని గణపతి కూతురు అనడానికి బదులు రాజు భార్య అని పొరబడ్డాడు, అది వేరే సంగతి. కానీ రాణి అనే రాశాడు.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. రుద్రదేవుడు అనే మగ పేరు ఒక ముసుగు కంటే ఎక్కువగా ఒక పదవి పేరులా ఉంది. రాజ్యానికి రాజు కావాలి, ఆ రాజు ఈమె. ఆమె స్త్రీ అని తెలిసే సామంతుల్లో కొందరు ఎదురుతిరిగారు, తెలిసే మిగతావాళ్ళు ఆమె పక్షాన యుద్ధం చేశారు.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? దాచిపెట్టి ఏలింది అంటే, బయటపడి ఉంటే ఏలగలిగేది కాదు అని మనమే ఒప్పుకున్నట్టు. అందరికీ తెలిసి పాతికేళ్ళకి పైగా ఏలింది అంటే అది ఇంకా పెద్ద విషయం. మా క్లాసులో ప్రాజెక్ట్ టీమ్‌కి లీడ్‌గా అమ్మాయి పేరు రాగానే, వైవాకి మాత్రం అబ్బాయి చేత మాట్లాడిద్దాం అన్న మాట నేను విన్నాను. 13వ శతాబ్దంలో రుద్రమ పేరుని రుద్రదేవుడు అని చెక్కించినవాళ్ళ ఆలోచనకీ దీనికీ ఏమైనా తేడా ఉందా? మీరే చెప్పండి.

అంటే నవల తప్పా? కాదు. బాపిరాజుకి ప్రేమకథ నడపాలంటే రహస్యం కావాలి. ఆయన చరిత్ర పుస్తకం రాయలేదు. ఆయన రుద్రమ రహస్యం బయటపడ్డాక కూలిపోదు, ఇంకా బలంగా నిలబడుతుంది. నవలని నవలగా ప్రేమిస్తూనే, పరీక్షలో చరిత్ర ప్రశ్నకి మాత్రం నవలలోంచి జవాబు రాయకపోతే చాలు.

అసలు మిస్టరీ మన హైవే మీదే ఉంది

నవల రాసే రోజుల్లో రుద్రమ 1295 ప్రాంతం దాకా ఏలిందని చరిత్రకారులు అనుకునేవాళ్ళు. తర్వాత నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్ళో ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, శివలోకానికి వెళ్ళిన రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానం చేశాడు.

ఒక్క రాయితో తేదీ ఐదారేళ్ళు వెనక్కి వెళ్ళింది. రాణి, సేనాని ఇద్దరూ ఒకేసారి ఎందుకు చనిపోయారు? యుద్ధంలోనే అయ్యుండాలని పరబ్రహ్మశాస్త్రి లాంటి పరిశోధకులు ఊహించారు. అప్పటికి కాయస్థ అంబదేవుడు తిరగబడి ఉన్నాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన గెలుపులన్నీ ఏకరువు పెట్టాడు కూడా. కానీ ఆమె ఎలా పోయిందో చందుపట్ల రాయి చెప్పదు. చంపినవాడు గొప్పగా చెప్పుకోలేదు, పోగొట్టుకున్నవాళ్ళు వివరంగా రాయలేదు. ఆ రాణి చివరి రోజుల గురించి మనకి మిగిలింది పెద్ద ప్రభువు వేయించిన ప్రశస్తి కాదు, ఒక మామూలు సేవకుడి దానం.

మన నాగోల్ నుంచి ఎల్బీ నగర్ చౌరస్తా పది నిమిషాలు, ట్రాఫిక్ లేకపోతే. అక్కడ విజయవాడ బస్సు ఎక్కితే హయత్‌నగర్, చౌటుప్పల్, నార్కట్‌పల్లి దాటాక వచ్చేదే నకిరేకల్. సెలవులకి ఊరెళ్తూ మనలో ఎంతమంది ఆ బోర్డు పక్కనుంచి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వెళ్ళిపోయి ఉంటారో.

చదవాలనుకునేవాళ్ళకి

మొదటి యాభై పేజీలు భాష కొంచెం గట్టిగా తగులుతుంది. సమాసాలు పొడుగ్గా ఉంటాయి, బిరుదులు రెండు లైన్లు సాగుతాయి. బిరుదులు వచ్చినప్పుడు ఆగిపోకండి, పేరు పట్టుకుని ముందుకెళ్ళండి. బాపిరాజు చిత్రకారుడు కాబట్టి నగలు, బట్టలు, కోటలు వర్ణించేటప్పుడు తీరిగ్గా వర్ణిస్తారు. అక్కడ మాత్రం స్పీడ్ తగ్గించి చదవండి, బొమ్మ కనిపిస్తుంది. నాగోల్ నుంచి రాయదుర్గం మెట్రోలో సీటు దొరికితే రానూపోనూ ఒక ప్రకరణం హాయిగా అవుతుంది. పైకి చదివితే ఇంకా తొందరగా అర్థమవుతుంది, కానీ అది ఇంట్లో చేయండి!

కాకతీయుల గురించి ఏం చదివినా తగిలే కొన్ని మాటలు:

మహామండలేశ్వరుడు: పెద్ద సామంత ప్రభువు.
సాహిణి: గుర్రాల లేదా ఏనుగుల దళానికి అధికారి.
లెంక: ప్రభువు కోసం ప్రాణమిస్తానని మాటిచ్చిన యోధుడు.
నాయంకరం: సైన్యం పోషించినందుకు బదులుగా ఇచ్చే భూమి, దాని మీద హక్కు.
వేగు: గూఢచారి.

చదివాక క్లబ్ మీటింగ్‌లో మాట్లాడుకోవడానికి మూడు ప్రశ్నలు. ఒకటి, అన్నాంబిక లేకపోతే గన్నారెడ్డి ముసుగు మనకి ఎప్పుడు తెలిసేది? రెండు, రుద్రమ స్త్రీ అని మొదటినుంచీ అందరికీ తెలుసు అనుకుని ఈ కథ రాస్తే సస్పెన్స్ ఎక్కడినుంచి తేవాలి? మూడు, 1289 నుంచి మొదలయ్యే నవల ఎవరైనా రాస్తే దాన్ని ఎవరి నోటితో చెప్పించాలి?

మూడో ప్రశ్నకి నా జవాబు పువ్వుల ముమ్మడి. మీ జవాబులు రాసి పంపండి, బాగున్నవి వచ్చే సంచికలో వేద్దాం.